పురుగుల గదికీ ఒక మడి

మా ఇంట్లో రెండు గదుల్లోకి నాకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. ఒక గదిలో పురుగులుంటాయి. రెండో గదిలో ఆ పురుగుల్ని కుట్టే బుల్లి కందిరీగలుంటాయి. కందిరీగల గదిలోంచి పురుగుల గదిలోకి వెళ్ళాలంటే మధ్యలో స్నానం చేసి, చీర మార్చుకుని, జుట్టు దులుపుకుని మరీ వెళ్ళాలి. మా ఆయన మా ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. "పెళ్ళిచూపుల్లో మావాళ్ళు అమ్మాయికి వంట వచ్చా, పాట వచ్చా అని అడిగారండీ. పురుగుల పెంపకం వచ్చా అని అడగాలని ఎవరికి తోస్తుంది?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్విస్తుంటారు. నవ్వనీ. ఆ నవ్వినవాళ్ళే తమ పెరట్లో కొబ్బరాకు మాడగానే మా గుమ్మం ముందుకొచ్చి నిలబడతారు.

మాది బందరు. జువాలజీలో డిగ్రీ చదివి, మోపిదేవికి దగ్గర్లో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. దివిసీమలో కొబ్బరిచెట్టు లేని పెరడు ఉండదు. ఎండలు ముదిరేసరికి ఆ చెట్లకి నల్లతల పురుగు పడుతుంది. ఆకు అడుగున గూడు కట్టుకుని పచ్చదనమంతా గీకి తినేస్తుంది. కింద నుంచి చూస్తే చెట్టుకి ఎవరో నిప్పంటించి ఆర్పినట్టుంటుంది. అంత ఎత్తున, ఇళ్ళ మీదా బావుల మీదా మందు చల్లలేం కదా. అందుకని బ్రాకన్ అనే కందిరీగని పెంచి చెట్ల దగ్గర వదలడం వ్యవసాయశాఖ వాళ్ళ శిక్షణలో మాకు నేర్పించారు. కందిరీగ అనగానే పెద్దగా ఊహించుకోకండి. చీమకి రెక్కలొస్తే ఎంతుంటుందో అంతే. మన జోలికి రాదు. పురుగుని మాత్రం గూట్లో దాక్కున్నా వెతుక్కుంటూ వెళ్ళి కుడుతుంది.

ఆ కుట్టడంలోనే ఉంది గమ్మత్తంతా. కుట్టించుకున్న పురుగు వెంటనే చావదు, కుళ్ళదు. మెత్తబడిపోయి ఎక్కడిదక్కడ పడి ఉంటుంది. ఆ నిమిషం నుంచి తినదు, పాకదు, కుబుసం విడవదు, నూలుపోగంతైనా పెరగదు. దాని ఎదుగుదల అక్కడితో సరి. కందిరీగ దాని ఒంటిమీద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు చెడిపోకుండా తాజాగా ఉన్న ఆ పురుగుని పీల్చుకుంటూ పెరుగుతాయి. మనం ఫ్రిజ్ కనిపెట్టామని మురిసిపోతాం గానీ, ఆ సంగతి ఈ బుల్లిదానికి మనకంటే ముందే తెలుసు.

ఇంత పని చేసిపెట్టే కందిరీగల్ని పెంచాలంటే వాటి తిండి కోసం ముందు పురుగుల్ని పెంచాలి. కొబ్బరి పురుగుని ఇంట్లో పెంచడం కష్టం. అందుకని బొంబాయి రవ్వ డబ్బాలో బూజులా గూళ్ళు అల్లుకునే నూకపురుగుని పెంచుతాను. ఊళ్ళో ఆడవాళ్ళంతా జల్లించి పారబోసేదాన్ని నేను బేసిన్లలో జొన్ననూక పోసి సాకుతాను. గుడ్డులోంచి వచ్చిన రోజున అది ఉందో లేదో భూతద్దం పెట్టి చూసుకోవాలి. నెల తిరిగేసరికి లావుగా, తెల్లగా, నిగనిగలాడుతూ తయారవుతుంది. లావుగా ఉండటం ముఖ్యం. బాగా ఎదిగిన పురుగు దొరికితే కందిరీగ దానిమీద ఎక్కువ గుడ్లు పెడుతుంది, వాటిలో ఆడవి ఎక్కువ పుడతాయి. గిడసబారిన పురుగు మీద పుట్టేవి ఏవో నాలుగు మగవి. మగవాటితో మనకేం పని? కుట్టేది ఆడదే. నేనీ మాట ఎవరికి చెప్తున్నా పక్కనుంచి మా ఆయన "అవునండీ, నిజం" అని తలూపుతారు.

అందుకే రెండు గదులకీ మధ్య అంత పట్టింపు. ఒక్క ఆడ కందిరీగ తప్పించుకుని పురుగుల గదిలో దూరిందంటే బేసిన్లన్నీ కుట్టుకుంటూ పోతుంది. గుడ్లు పెట్టేది కొన్నిటి మీదే అయినా కుట్టడం మాత్రం కనబడ్డవాటినన్నిటినీ కుడుతుంది. రేపటికి పెరగాల్సిన పురుగులన్నీ ఈ రోజు దగ్గరే ఆగిపోతాయి.

మా పక్కింటి పెద్దావిడని నేను పిన్నిగారూ అని పిలుస్తాను. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, ఆవిడది పూజలూ మడీ ఉన్న ఇల్లు. ఆవిడ మడి గురించి ఊరంతటికీ తెలుసు. ఉతికిన చీరని ఎత్తయిన దండెం మీద కర్రతో ఆరేస్తుంది. తెల్లవారి స్నానం చేసి మళ్ళీ కర్రతోనే తీసి కట్టుకుంటుంది. మధ్యలో ఎవరి చెయ్యీ తగలకూడదు. వంటా పూజా అయ్యేదాకా తననీ ఎవరూ తాకకూడదు. నాకు మజ్జిగ ఇచ్చేటప్పుడు గ్లాసు అరుగు మీద పెట్టి వెనక్కి జరిగేది, అప్పుడు నేను తీసుకునేదాన్ని. ఒకసారి వానలో జారి పడబోతుంటే నేను గబుక్కున పట్టుకున్నాను. "నూరేళ్ళు చల్లగా ఉండవే తల్లీ" అని మనసారా దీవించింది. దీవించి, అటునుంచటే బావి దగ్గరికి వెళ్ళి చేదలకి చేదలు నెత్తిన గుమ్మరించుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకోసారి పడితే పడనిస్తానని ఇంటికొచ్చి కేకలేశాను.

"మరి నువ్వు కందిరీగల గదిలోంచి వచ్చినవాళ్ళని పురుగుల గదిలోకి రానిస్తావా?" అన్నారు మా ఆయన.

"కందిరీగ కుడుతుందండీ. నేను కుడతానా?" అన్నాను.

అయినా ఆవిడంటే నాకిష్టం. ఆ ఇష్టం కుదిరింది కరివేపాకు చెట్టు దగ్గర. చెట్టు మా గోడకి అటుపక్క ఆవిడ పెరట్లో ఉంది. ఒకరోజు గోడ మీంచి, "ఏమే పురుగుల డాక్టరూ, ఈ చెట్టు మీద పిట్టరెట్టలు కదుల్తున్నాయే, ఇలా వచ్చి చూడు" అని పిలిచింది. అవి సీతాకోకచిలుక పిల్లలు. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా నలుపూ తెలుపూ కలిసి ఉంటాయి, పెద్దయ్యాక ఆకుపచ్చ రంగుకి మారతాయి. రోజూ పొద్దున్నే గోడకి అటు ఆవిడా ఇటు నేనూ నిలబడి వాటిని చూసేవాళ్ళం. తక్కినవన్నీ పచ్చరంగు తొడుక్కున్నాయి, ఒక్కటి మాత్రం రెట్ట రంగులోనే ఉండిపోయింది. ఆకు కొరుకుతూనే ఉంది గానీ తోటివాటిలో సగం కూడా లేదు.

"దీనికి తిన్నది ఒంటబట్టట్లేదే పాపం" అని ఆవిడ బెంగపడింది.

దాని కడుపులో వేరే జాతి కందిరీగ పిల్లలున్నాయని చెప్పాను. ఆ జాతి నా బ్రాకన్‌లాగా పురుగు ఎదుగుదలని ఒక్క పోటుతో ఆపెయ్యదు. పురుగుని తిననిస్తుంది, తిరగనిస్తుంది, తన పిల్లలకి ఎంత కావాలో అంతవరకే పెరగనిస్తుంది. పచ్చరంగు వేసుకునే వయసు దాకా రానివ్వదు. ఇంకొన్ని జాతులు పురుగు చేత మామూలుకంటే ఎక్కువ తినిపించి, ఉండాల్సినదానికంటే లావుగా పెంచుతాయని కూడా చదివాను. రెండ్రోజుల తర్వాత ఆ బుజ్జి పురుగు పక్కన తెల్లటి చిన్నచిన్న గూళ్ళు గుంపుగా కనబడ్డాయి. పురుగు వాడిపోయి వాటి పక్కనే ఉంది.

పిన్నిగారు కొమ్మ వంచి చూసింది. "అయితే తినేది ఇదీ, పెరిగేది అవీనా?"

"అంతే పిన్నిగారూ."

"మా పెద్దాడపడుచు పిల్లలతో వచ్చి ఇక్కడ మకాం పెట్టినప్పుడు నేనూ ఇలాగే ఉన్నానే" అని ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ గోడ పట్టుకుని నవ్వాను.

ఆ వేసవిలో ఆవిడ మనవరాలికి పెళ్ళి కుదిరింది. అమ్మాయికి బందర్లో ఉద్యోగం, పెళ్ళికొడుకుది గుడివాడ. పెళ్ళి ఇంటిదగ్గరే, పెరట్లో పందిరి కింద. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళికూతురు రెండు చేతులా పట్టుకుని పీటల మీదికి వెళ్ళే కొబ్బరిబొండం బావి పక్కనున్న చెట్టుదే అయి ఉండాలి. పిన్నిగారు కొత్తకోడలిగా వచ్చిన ఏడాది తన చేత్తో నాటిన చెట్టు అది. ఆవిడ చిన్నాడపడుచూ కూతుళ్ళూ ఆ చెట్టు బొండంతోనే పెళ్ళికూతుళ్ళయ్యారు. ఇప్పుడు మనవరాలి వంతు.

లగ్నపత్రిక రాసుకున్న వారానికి ఆ చెట్టుకి నల్లతల పురుగు పడింది. కింది మట్టలు మాడిపోయాయి, పై మట్టలకి పాకుతోంది, పిందెలు రాలుతున్నాయి. ఆవిడ కొడుకుని నేను అన్నయ్యగారూ అంటాను. ఆయన వేరుకి మందు పెట్టిద్దామన్నాడు. వేరు కొసకి మందు సంచీ కడితే చెట్టు ఆ మందుని తాగేస్తుంది, ఆకు తిన్న పురుగు చస్తుంది. కానీ ఆ తర్వాత నెలన్నర దాకా ఆ చెట్టు కాయ వాడకూడదు. పెళ్ళి అంతకంటే ముందే ఉంది.

"విషం తాగిన చెట్టు బొండం నా మనవరాలి చేతిలో పెడతావుట్రా?" అంది పిన్నిగారు.

"బజార్లో బొండాలు దొరకవా అమ్మా? ఈ చెట్టుని వదిలేస్తే పెరడంతా అంటుకుంటుంది. అప్పుడేం చేస్తావు?" అన్నాడు కొడుకు.

ఇద్దరి మాటా సబబే. అదే చిక్కు. పిన్నిగారు మా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "నీ కందిరీగలు నా చెట్టుని కాపాడతాయిటే?" అని అడిగింది. ఆవిడ గొంతులో అంత బేలతనం నేనెప్పుడూ వినలేదు. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదనీ, కానీ పురుగు పైకి పాకకుండా ఆపగలననీ చెప్పాను. అన్నయ్యగారు వచ్చే అమావాస్య దాకా ఆగుతానన్నాడు. అప్పటికీ పురుగు తగ్గకపోతే మందు పెట్టించడమే, బొండం బజారు నుంచి తేవడమే.

సరిగ్గా ఆ వారమే ఉన్న కందిరీగలన్నిటినీ అవతలి ఊరి తోటలకి ఇచ్చేశాను. సీసాల్లో తల్లి కందిరీగలు కాసిని మిగిలాయి. పురుగుల గదిలో రెండు బేసిన్లు ఎదుగుతున్నాయి, ఇంకో మూడింట్లోవి పసివి. ఆ రెండు బేసిన్లూ పూర్తిగా ఎదిగితే చాలు, వాటిమీద పిన్నిగారి చెట్లకి సరిపడా కందిరీగలు పుడతాయి.

"నా చెట్టు కోసం పెరిగే పురుగుల్ని నేనే చూసుకుంటా" అని ఆవిడ పట్టుబట్టింది. నియమం చెప్పాను. స్నానం చెయ్యాలి, ఉతికిన చీర కట్టుకోవాలి, కందిరీగల గది ఛాయలకి వెళ్ళకూడదు.

"నాకు మడి నేర్పుతావుటే నువ్వు?" అని ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో నాకు స్వతంత్రం పోయింది. పొద్దున్నే వచ్చి జొన్ననూక జల్లించేది, ఉండలు కట్టినచోట పుల్లతో విడదీసేది, "తినండమ్మా తినండి, ముహూర్తం దగ్గరపడుతోంది" అని పురుగులకి చెప్పేది. నేను గుమ్మంలో కనబడితే చాలు, "ఆగక్కడ! ఇందాక ఆ గది తలుపు తీశావు, చప్పుడు విన్నాను. స్నానం చేసిరా" అనేది. గుమ్మం బయట నిలబడటం నాకు కొత్తేం కాదు గానీ, సొంతింట్లో నిలబడటం మాత్రం అదే మొదలు. అయితే ఈసారి కోపం రాలేదు. పెళ్ళివారింట్లో కేకల్లాగా ఆ కేకలు బాగుండేవి. పురుగులు కూడా పుష్టిగా తయారవుతున్నాయి.

పురుగులు బాగా ఎదగాలని ఆవిడ మోపిదేవి స్వామికి మొక్కుకుంది. నేను ఊరుకుంటానా? ఆదివారం చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చాను. పాస్టరుగారు ఒకటికి రెండుసార్లు చూసి, "పురుగులు పోవాలనా అమ్మా, పెరగాలనా?" అని అడిగారు. "పెరగాలని అయ్యగారూ" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, "ఈ సహోదరి మనసులోని కోరిక నీకు తెలుసు ప్రభువా" అని క్లుప్తంగా ముగించేశారు.

ఇంతలో పెళ్ళింట్లో సున్నాలు మొదలయ్యాయి. పందిరి వాళ్ళూ, కరెంటు వాళ్ళూ, చుట్టాలూ. మడిచీర ఆరేసుకోవడానికి ఆవిడకి జానెడు చోటు మిగల్లేదు. ఎక్కడ ఆరేసినా ఎవరో ఒకరు తగుల్తున్నారు. ఒకరోజు మా ఇల్లంతా కలియజూసి, "మీ వెనక వసారాలో పైన ఒక దండెం కట్టుకుంటానే. ఈ వీధి మొత్తం మీద ఎవరూ కాలుపెట్టని చోటు అదొక్కటే" అంది.

నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఆవిడ మడిచీర మా వసారాలో! బందరుకి ఫోన్ చేసి మా అమ్మకి కూడా చెప్పాను. ఎవరూ కాలుపెట్టకపోవడానికి కారణం, ఆ వసారాలోనే కందిరీగల గది తలుపు ఉండటం. ఆ సంగతి ఆ పూట ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం బేసిన్ గుడ్డ తీసి చూశాను. మామూలుగా అయితే మెల్లిగా ఊదితే చాలు, పురుగులన్నీ గూళ్ళలోకి ముడుచుకుంటాయి. ఊదాను. ఒక్కటీ కదల్లేదు. ఇంకో బేసిన్ తీశాను. అక్కడా అంతే. భూతద్దంలో చూస్తే పురుగుల ఒంటిమీద సన్నటి పొడుగాటి గుడ్లు. పసిపురుగుల బేసిన్లలోనూ సగానికి పైగా సోలిపోయి ఉన్నాయి.

ముందు రోజు మా ఆయన బల్బు మార్చడానికి ఆ గదిలోకి వెళ్ళారు.

"స్నానం చేసే వెళ్ళారా?"

"చేశాను."

"చొక్కా మార్చారా?"

ఆయన తల గోక్కున్నారు. ఇక చూడండి నా నోరు! ఆయన టిఫిన్ తినకుండానే స్కూలుకి వెళ్ళిపోయారు. పిన్నిగారు వచ్చి విని, గడప మీద కూలబడింది.

"ఇక పెరగవా?"

"పెరగవు పిన్నిగారూ. ఇవి ఇంతే."

ఆవిడ లేచి ఇంటికి వెళ్ళి, మనవరాలికి పెళ్ళికానుకగా నేను చిలకలపూడి నుంచి తెప్పించిన గిల్టు వంకీని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుందని కోడలు చెప్పింది. నాకు పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

మర్నాడు సూర్యుడు వచ్చే వేళకి పిన్నిగారు కర్ర పట్టుకుని వసారాలో దండెం మీది చీర తీస్తోంది. నేను కందిరీగల గది తలుపు దగ్గర ఉన్నాను. ఏటవాలు ఎండ చీర మీద పడింది. మడతలో ఏదో కదిలింది. ఇద్దరం దగ్గరికి వెళ్ళి చూశాం. మూడో నాలుగో కందిరీగలు, మా ఇంటివే, గంజి పెట్టిన అంచు మీద తాపీగా నడుచుకుంటూ పోతున్నాయి. నేను తలుపు తీసినప్పుడల్లా ఒకటీ అరా బయటికొచ్చి ఆ చీర మీద వాలుతున్నాయి. ఆవిడ ఆ చీరే కట్టుకుని, అంత నిష్ఠగా, నేరుగా పురుగుల గదిలోకి వెళ్తోంది.

"నా చీరేనటే?" అంది.

మా ఆయన మీద అనవసరంగా అంత పెద్ద నోరు చేసుకున్నందుకు నాలుక కరుచుకున్నాను.

"ఎవరూ ముట్టుకోకూడదని అంత ఎత్తున ఆరేశాను" అంది ఆవిడ మెల్లిగా. "ఎవరో ఒకరు ముట్టుకుని దులిపినా పోయేవే." అని, కర్రని గోడకి ఆనించి, నా మొహంలోకి చూసింది. ఎందుకో నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళుండగానే ఆవిడకీ నవ్వొచ్చింది. ఆ వసారాలో ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం మా ఆయనకి పెసరట్టూ ఉప్మా రెండూ చేసి పెట్టాను. ఆయన తింటూ, "దొంగ దొరికాడన్నమాట" అన్నారు.

కందిరీగ పడిన బేసిన్లని ఎండలో పెట్టి అంతా పారబొయ్యాలని మాకు నేర్పారు. పసిపురుగుల బేసిన్లని అలాగే ఎండలో పెట్టేశాను. వాటి ఎదుగుదల మరీ చిన్నప్పుడే ఆగిపోయింది, వాటిమీద పుట్టేవి పనికిమాలిన మగవే. కానీ పెద్ద బేసిన్లు రెండూ ఎత్తబోయి ఆగాను. ఇవి దాదాపు ఎదిగిపోయిన పురుగులు కదా. ఇంకో రెండ్రోజులకి నేనే వీటిని సీసాల్లో పెట్టి కందిరీగల చేత కుట్టించేదాన్ని. ఇప్పుడు నా చేతి పని లేకుండా అవే వచ్చి, కావలసినంత కుట్టి, కావలసినన్ని గుడ్లు పెట్టుకున్నాయి. ఎదుగుదల ఆగడమే కావాలనుకుంటే, ఆగవలసిన చోటే ఆగింది. బేసిన్లకి పల్చటి గుడ్డ బిగించి కట్టి, మళ్ళీ లోపల పెట్టాను.

"పారబోయలేదేం?" అంది పిన్నిగారు.

"చూద్దాం పిన్నిగారూ. వీటిమీద నాకు ఆశ చావలేదు."

వారం దాటాక ఒక పొద్దున గుడ్డ కింద గుసగుసలాడుతున్నట్టు సవ్వడి. నా సీసాల్లో ఎప్పుడూ అన్ని కందిరీగల్ని చూడలేదు. గుడ్డ అడుగుభాగమంతా వాటితో నల్లబడింది. తేనె తడిపిన దూది పెడితే పంక్తిలో కూర్చున్నట్టు చుట్టూ చేరాయి. అన్నిటినీ సీసాలకెత్తి, బావి పక్క చెట్టు మొదట్లోనూ, చుట్టుపక్కల చెట్ల దగ్గరా మూతలు తీశాం. ఒకటి పిన్నిగారి భుజం మీద వాలింది. నేను దులపబోతే, "ఉండనీ, అదే ఎగురుతుందిలే" అంది.

మళ్ళీ మొదటి నుంచి పెంచడానికి నూకపురుగు గుడ్లు కావాలి. గుడివాడలో నాలాగే కందిరీగల్ని పెంచే స్నేహితురాలుంది. బస్సులో వెళ్ళి, స్టీలు డబ్బాలో గుడ్లు తీసుకుని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. "వియ్యాలవారి ఊరి నుంచి మొదటి సారె మనకే వచ్చిందే" అని పిన్నిగారు సంబరపడింది. ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో తనే చెప్పింది. మడిచీర దండెం మాత్రం మా వసారాలోంచి మా మేడ మీదికి మారింది.

అమావాస్య నాడు కాయలు దింపే అతన్ని చెట్టెక్కించి, మధ్యవరస మట్ట ఒకటి కొట్టించాడు అన్నయ్యగారు. మందు సీసా అరుగు మీద సిద్ధంగా ఉంది. ఆయనే కూర్చుని ఆకు అడుగున గూడు చీల్చి చూశాడు. లోపల నల్లతల పురుగు మెత్తగా పడి ఉంది. దాని ఒంటికి చిన్నచిన్న కందిరీగ పిల్లలు బారుగా అంటుకుని ఉన్నాయి. ఇంకో గూడు చీల్చాడు. ఇంకోటి. తర్వాత ఎన్ని చీల్చాడో, చెమటలు కారుతున్నా ఆపలేదు.

"ఇది చచ్చిందా, నిద్రపోతోందా?" అని అడిగాడు చివరికి.

"ఏదైనా ఇంక తినదు అన్నయ్యగారూ, పెరగదు" అన్నాను.

ఆయన మందు సీసా తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాడు. పిన్నిగారు అక్కడే నిలబడి మోపిదేవి దిక్కుకి దణ్ణం పెట్టుకుంది. నేనూ మనసులో స్తోత్రం చెప్పుకున్నాను.

పెళ్ళిరోజు ఉదయం బొండం దింపుతున్నారు. చెట్టు కింది మట్టలు ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి గానీ, మొవ్వులోంచి వచ్చిన కొత్త మట్ట లేతాకుపచ్చగా, ఒక్క మచ్చ లేకుండా విచ్చుకుంది. పెళ్ళికి కోసే బొండం నేలకి తగలకూడదు. కాయలు దింపే అతను గెలకి తాడు కట్టి మెల్లిగా వదులుతున్నాడు. సన్నాయి మొదలైంది. మడిచీర కట్టుకున్న పిన్నిగారు కింద చేతులు చాపి నిలబడింది. నేను ఎప్పుడూ ఆగేచోట, పందిరి అంచున ఆగాను.

గెల దగ్గరికి దిగాక ఆవిడ చుట్టూ చూసింది. "ఎక్కడే నువ్వు? ఇలా రా."

వెళ్ళాను.

"స్నానం చేశావా?"

"చేశాను పిన్నిగారూ."

"కందిరీగల గదిలోకి వెళ్ళావా?"

"లేదు."

"చీర దులుపుకున్నావా?"

"దులుపుకున్నాను."

"అయితే పట్టు" అంది.

అవి మా పురుగుల గది గుమ్మంలో రోజూ నన్నడిగే ప్రశ్నలే. నాకు ఏడుపొచ్చింది. రెండు చేతులూ చాపాను. గెల నా చేతుల్లోకి దిగింది, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. "జాగ్రత్తే, జారనివ్వకు" అంటూ పిన్నిగారు నా చేతుల కింద తన చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. చుట్టాలంతా చూస్తున్నారు. ఇద్దరం కలిసి దాన్ని అలాగే మోసుకుంటూ గడప దాటి, పెళ్ళికూతురి గది దాకా వెళ్ళాం.

ఆవిడ ఆ పూట మళ్ళీ స్నానం చెయ్యలేదు.